నారా నుంచి టోక్యో దాకా: టోకైడో బాట మీద తొమ్మిది రోజులు

మన సంఘ సభ్యుల్లో విదేశీయాత్ర మాట వస్తే సింగపూరు, దుబాయి, పిల్లలు అక్కడుంటే అమెరికా. జపాను పేరు ఈ మధ్యనే వినబడుతోంది. వెళ్ళివచ్చినవారు చెప్పేది దాదాపు ఒకటే మాట: "క్యోటోలో పాత జపాను చూశాం, టోక్యోలో కొత్త జపాను చూశాం." ఆ రెండు ఊళ్ళ మధ్య ఉన్న ఐదువందల కిలోమీటర్ల దూరాన్ని వారు రెండుంబావు గంటల్లో, సగం నిద్రలో దాటేసి ఉంటారు. ఆ దేశ చరిత్ర ఆ రెండు నగరాల్లో ఎంత ఉందో వాటిని కలిపే దారిలోనూ అంతే ఉందని నా మనవి. ఆ దారి పేరు టోకైడో. తూర్పు సముద్రతీరపు బాట అని అర్థం. దాన్ని వేయించినవారు పాలకులే అయినా, మూడు శతాబ్దాలు నడిపించినవారు గుమాస్తాలు, కూలీలు, ఇంజనీర్లు. అంటే మనబోటి వాళ్ళు. ముప్ఫై నాలుగేళ్ళు టి.ఏ. బిల్లులు రాసి, సరిచూసి రిటైరైన నాకు ఈ సంగతి మరీ నచ్చింది. అందుకే యాత్ర తలపెట్టే సభ్యుల కోసం ఈ నాలుగు మాటలు.

ముందుగా లెక్క

తొమ్మిది రోజులు చాలు. నారాలో రెండు, క్యోటోలో మూడు, దారి మధ్యలో షిమాదాకు ఒకటి, హకోనేకు ఒకటి, టోక్యోలో రెండు. ఒసాకా దగ్గరి కన్సాయ్ విమానాశ్రయంలో దిగి టోక్యోలో విమానం ఎక్కితే వెనక్కి వచ్చే ప్రయాణం, ఆ ఖర్చు మిగులుతాయి. పైగా ఈ వరుసలో వెళితే చరిత్ర కూడా ఎనిమిదో శతాబ్దం నుంచి మన కాలానికి తనంతట తానే నడిచి వస్తుంది.

నవంబరు నెల మేలు. చలి ఓర్చుకోదగినంతే ఉంటుంది, చెట్లన్నీ ఎర్రబారి ఉంటాయి. జూన్, జులైలలో వానలు. ఏప్రిల్ చివర, మే మొదట్లో అక్కడివారికి వరస సెలవులు కాబట్టి గదులు దొరకవు. అయితే జీవన ప్రమాణ పత్రం ఇవ్వవలసిన నెల ఏదో చూసుకుని మరీ తేదీలు వేసుకోండి.

విదేశీయులకు అమ్మే ఏడు రోజుల రైలు పాసు ధరను 2023 అక్టోబరులో 29,650 యెన్ల నుంచి 50,000 యెన్లకు పెంచారు. అప్పటినుంచి మన దారికి విడి టిక్కెట్లే చవక. పెద్ద పెట్టెలను ఒక హోటలు నుంచి తరువాతి హోటలుకు ముందే పంపించే ఏర్పాటు అక్కడ ప్రతిచోటా ఉంది. కొద్ది రుసుముతో మోకాళ్ళకు పెద్ద ఉపకారం. శాకాహారులు ఒక్కటి గుర్తుంచుకోవాలి. కూరగాయల పులుసులా కనబడేదాంట్లో కూడా చాలావరకు చేపతో కాచిన రసం కలుస్తుంది. గుళ్ళలో వడ్డించే శోజిన్ భోజనం పూర్తి శాకాహారం. అది నారా, క్యోటోలలో దొరుకుతుంది. మిగతా చోట్లకు మన పొడులు మనతో ఉండడం మంచిది.

నారా: మనవారు నడిచిన నేల

నారా 710 నుంచి 784 వరకు రాజధాని. అంతకుముందు జపానులో రాజధాని తరచు మారుతూ ఉండేది. ఇక్కడి తోదాయిజి ఆలయంలో సుమారు 15 మీటర్ల ఎత్తున్న కంచు బుద్ధుడు కూర్చుని ఉంటాడు. 752లో ఆ విగ్రహానికి నేత్రోన్మీలనం చేసినది బోధిసేనుడనే భారతీయ భిక్షువు. ఆయన దక్షిణ భారతం నుంచి బయలుదేరి, చైనా మీదుగా 736లో జపాను చేరాడని చెబుతారు. ఆయన పట్టిన కుంచెకు పొడవైన దారాలు కట్టి, వచ్చినవారంతా వాటిని పట్టుకున్నారట, పుణ్యంలో తలా కొంత దక్కాలని. ఆ కుంచె, ఆ దారం నేటికీ అక్కడి షోసోయిన్ భాండాగారంలో భద్రంగా ఉన్నాయి. జపాను బౌద్ధులు ఎనిమిది శాఖలకు మూలపురుషుడని చెప్పుకునే ర్యూజు మరెవరో కాదు, ఆచార్య నాగార్జునుడే. నాగార్జునకొండ చూసిన మనకు నారా పూర్తిగా పరాయి ఊరు కాదు.

విగ్రహం మీదున్న మందిరం 1180లోనూ, 1567లోనూ తగలబడింది. ఇప్పుడు మనం చూసేది 1709లో పూర్తయినది. మొదటిదానికంటె వెడల్పులో మూడోవంతు తక్కువ. అయినా లోపలికి అడుగుపెట్టి తలెత్తితే ఆ తక్కువ ఎక్కడా కనబడదు. రెండోరోజు దగ్గరలోని హోర్యూజికి వెళ్ళాలి. ప్రపంచంలో నిలిచి ఉన్న కొయ్య కట్టడాల్లో అత్యంత ప్రాచీనమైనవి అక్కడ ఉన్నాయి. వాటిలో ముఖ్యమందిరపు గోడల మీద అజంతాను తలపించే చిత్రాలుండేవి. 1949 జనవరిలో జరిగిన అగ్నిప్రమాదంలో అవి చాలామటుకు కాలిపోయాయి. ఆ దెబ్బతోనే ప్రభుత్వం 1950లో సాంస్కృతిక సంపద రక్షణకు చట్టం తెచ్చింది.

క్యోటో: కాలిన ప్రతిసారీ కట్టిన ఊరు

నారా నుంచి క్యోటోకు రైల్లో గంటలోపు. 794లో రాజధాని అయిన ఈ నగరాన్ని చైనాలోని చాంగాన్ నమూనాలో, చదరంగపు గళ్ళలా వీధులు తీర్చి కట్టారు. అందుకే దారి తప్పడం కష్టం. వెయ్యేళ్ళకు పైగా రాజధానిగా ఉన్న ఊరు కనుక అన్నీ వెయ్యేళ్ళ కట్టడాలేనని అనుకుంటాం. నిజానికి 1467 నుంచి 1477 వరకు సాగిన ఓనిన్ యుద్ధంలో నగరం చాలా భాగం బూడిదైంది. ప్రసిద్ధమైన కియోమిజు ఆలయపు ముఖ్యమందిరం 1633 నాటిది. బంగారు రేకులు తొడిగిన కింకాకుజి మండపాన్ని 1950లో ఒక యువ భిక్షువే తగలబెట్టాడు. ఇప్పుడున్నది 1955లో తిరిగి కట్టినది. పాతదాన్ని మళ్ళీ మళ్ళీ కొత్తగా కట్టుకోవడమే అక్కడివారి పాతదనం.

1945లో అణుబాంబు వేయవలసిన ఊళ్ళ జాబితాలో క్యోటో పేరు ఉండింది. అమెరికా యుద్ధమంత్రి హెన్రీ స్టిమ్సన్ పట్టుబట్టి ఆ పేరు కొట్టివేయించాడు. ఒక జాబితాలో ఒక గీత. దానివల్ల ఒక నగరం మిగిలింది. కానీ ఆ జాబితాలో క్యోటో బదులు చేరిన పేరు నాగసాకి. కియోమిజు మెట్ల మీద నిలబడినప్పుడు ఈ రెండో సంగతి కూడా తలచుకోవాలి.

1869లో చక్రవర్తి టోక్యోకు తరలిపోవడంతో క్యోటో పని అయిపోయిందని జనం భయపడ్డారు. ఊరివాళ్ళు ఏడుస్తూ కూర్చోలేదు. ఇరవైల్లో ఉన్న తనబే సకురో అనే ఇంజనీరును పెట్టుకుని, కొండలు తొలిచి, 1890 నాటికి బివా సరస్సు నుంచి కాలువ తెచ్చుకున్నారు. మరుసటి ఏడు ఆ నీటితో విద్యుత్తు తీశారు. ఆ విద్యుత్తుతోనే 1895లో జపానులో మొట్టమొదటి ఎలక్ట్రిక్ ట్రాము నడిచింది. నన్జెన్‌జి గుడి ఆవరణలో ఎర్ర ఇటుకల వంతెన మీదుగా ఆ కాలువ నీరు ఈనాటికీ పారుతోంది. పాత ఊరనుకున్న క్యోటో ఒకప్పుడు దేశంలోకెల్లా కొత్త ఊరన్నమాట.

షిమాదా: నడుములోతుకో రేటు

ఇక బాట సంగతి. తోకుగావా ఇయెయాసు 1601లో టోకైడో మీద మజిలీలు ఏర్పాటు చేసి, ఒక్కొక్క మజిలీ 36 గుర్రాలను సిద్ధంగా ఉంచాలని ఆజ్ఞాపించాడు. తరువాత అది నూరుగురు మనుషులు, నూరు గుర్రాలు అయింది. టోక్యో అప్పటి పేరు ఎదో. అక్కడి నిహోంబాషి వంతెన నుంచి క్యోటోలోని సాంజో వంతెన దాకా 53 మజిలీలు, సుమారు 490 కిలోమీటర్లు. కాలినడకన రెండు వారాలు. 1635 నుంచి సామంతులు ఏడాది విడిచి ఏడాది ఎదోలో కాపురముండాలని, ఊరికి వెళ్ళినప్పుడు భార్యాపిల్లలను ఎదోలోనే ఉంచాలని నియమం పెట్టారు. దాంతో ఈ బాట ఏనాడూ ఖాళీగా లేదు.

ఆ బాటకు అడ్డంగా షిమాదా, కనాయా అనే రెండు మజిలీల మధ్య ఓయి నది ఉంది. దాని మీద వంతెన లేదు, పడవ లేదు. కూలీలు ప్రయాణికులను భుజాల మీదనో, పల్లకీలాంటి చట్రం మీదనో మోసి దాటించేవారు. ఒడ్డున ఒక ఆఫీసు. ఏ రోజుకారోజు నీటిలోతు కొలిచి రేటు ప్రకటించేవారు. తొడలోతైతే 48 నాణేలు, చంకలోతైతే 94. మధ్యలో నడుముకు, రొమ్ముకు వేరే రేట్లు. ఆఫీసులో చీటీ కొనుక్కుని కూలీకి ఇవ్వాలి. నీరు అంతకు మించితే రేవు మూసేసేవారు. ఎంతటి ప్రభువైనా వరద తీసేదాకా సత్రంలో కూర్చోవలసిందే. 1856లో కట్టిన ఆ ఆఫీసు ఇప్పటికీ నిలిచి ఉంది. నిరుడు నవంబరులో మా అమ్మాయి, అల్లుడితో వెళ్ళినప్పుడు నేను అన్ని గుళ్ళకంటె అక్కడే ఎక్కువసేపు ఉన్నాను. టి.ఏ. నిబంధనలు ఎన్నో చూశాను గాని మనిషి ఒంటిమీద కొలిచిన స్లాబు పద్ధతి అక్కడే చూశాను.

1870లో ఈ పద్ధతి రద్దయింది. వందలాది కూలీలకు ఒక్కసారిగా బతుకుతెరువు పోయింది. అప్పటికే కొలువులు పోగొట్టుకున్న తోకుగావా భటులు కొందరు నదికి పడమట ఉన్న మకినోహారా మెట్టను బాగుచేసి తేయాకు వేస్తున్నారు. కూలీలు కొందరు వారితో చేరారు. అది ఈనాడు జపానులోని పెద్ద తేయాకు ప్రాంతాల్లో ఒకటి. ఆ తోటలకు వెళ్ళిరావడానికి 1879లో ఓయి నది మీద కట్టిన హోరాయ్ కొయ్యవంతెన పొడవు 897 మీటర్లు. రుసుము చెల్లించి ఇప్పటికీ నడవవచ్చు. పిట్టగోడ తక్కువ ఎత్తు, గాలి ఎక్కువ. పెద్దవారు ఎవరో ఒకరి చెయ్యి పట్టుకోండి. షిమాదాకు షిజువోకా నుంచి మామూలు రైల్లో అరగంట. షిజువోకాలో అతివేగపు నొజోమి బండ్లు ఆగవు, హికారి బండ్లు కొన్నే ఆగుతాయి. టిక్కెట్టు కొనేటప్పుడే చూసుకోవాలి.

హకోనే: ఆడవారికే గట్టి తనిఖీ

షిజువోకా నుంచి ఒదవారాకు రైల్లో వెళుతూ ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చుంటే ఫుజి పర్వతం కనిపిస్తుంది. మబ్బు లేకపోవడం మన అదృష్టం. ఒదవారా నుంచి కొండెక్కితే హకోనే. 1619లో ఇక్కడ తనిఖీ ఠాణా పెట్టారు. ఎదోలోకి తుపాకులు రాకూడదు, ఎదో నుంచి ఆడవారు పోకూడదు అన్నది ఈ బాట మీది ఠాణాల సూత్రం. సామంతుల భార్యలు ఎదోలో తాకట్టు కాబట్టి, వారు మారువేషంలో తప్పించుకుంటే తిరుగుబాటుకు సూచన. అందుచేత ఆడవారి అనుమతి పత్రంలో జుట్టు తీరు, ఒంటి గుర్తులు కూడా రాసేవారు. తనిఖీకి ఆడ ఉద్యోగులే ఉండేవారు. 1869లో రద్దయిన ఆ ఠాణాను పాత పత్రాల ఆధారంగా తిరిగి కట్టి 2007లో పూర్తిగా తెరిచారు. పక్కనే రాళ్ళు పరిచిన పాత బాట, దేవదారుల్లాంటి ఎత్తయిన చెట్ల వరుస ఉన్నాయి. రాళ్ళు నాచుపట్టి జారతాయి. వంద అడుగులు నడిచి చాలనుకోవచ్చు.

టోక్యో: బాట కొస

ఎదో పేరు 1868లో టోక్యో అయింది. 1923 సెప్టెంబరు 1న భూకంపం, మంటల్లో లక్ష మందికి పైగా చనిపోయారు. 1945 మార్చి 10 రాత్రి విమానదాడిలో ఇంచుమించు మరో లక్ష మంది. కనుక టోక్యో కొత్తదనం సరదాగా వచ్చినది కాదు. నిహోంబాషి మీద ఇప్పుడున్న రాతివంతెన 1911 నాటిది. ఒలింపిక్సు హడావిడిలో 1963లో దాని నెత్తిన పెద్ద రహదారి వేశారు. ఆ రహదారిని భూగర్భంలోకి మార్చి, 2040 నాటికి వంతెనకు మళ్ళీ ఆకాశం చూపించాలని ఇప్పుడు పని జరుగుతోంది.

అక్కడికి నడకదూరంలో 1914 నాటి టోక్యో స్టేషను. 1945లో కూలిన దాని గుమ్మటాలను 2012లో మునుపటిలా పునరుద్ధరించారు. మన యాత్రకు చివరి మజిలీ ఇదే. ఎందుకో చెబుతాను.

1955లో జపాను జాతీయ రైల్వేలకు సోగో షింజీ అధ్యక్షుడయ్యేనాటికి ఆయన వయసు 71. ఇక కాలం మోటారు కార్లది, విమానాలదని, రైళ్ళ పని అయిపోయిందని పెద్దలు అంటున్న రోజులవి. ఆయన టోకైడో మీద పూర్తిగా కొత్త పట్టాలు, వెడల్పాటివి, వేయాలన్నాడు. 1951లో ఒక రైలు అగ్నిప్రమాదం తరువాత రైల్వే వదిలి వెళ్ళిన ఇంజనీరు షిమా హిదెఓను వెనక్కి పిలిపించాడు. షిమా తండ్రి కూడా రైల్వే ఇంజనీరే. వెడల్పు పట్టాల కోసం ఆయన జీవితమంతా పాటుపడ్డా నెరవేరలేదు. తండ్రి ఫైలు కొడుకు తెరిచాడు. యుద్ధకాలంలో సగంలో ఆగిన సొరంగాలు పనికొచ్చాయి. 1961లో ప్రపంచ బ్యాంకు 8 కోట్ల డాలర్లు అప్పిచ్చింది. ఆ అప్పు 1981లో తీరిపోయింది.

కాని ఖర్చు మొదటి అంచనాకు దాదాపు రెట్టింపు అయింది. 1963లో సోగో దిగిపోవలసివచ్చింది. షిమా కూడా తప్పుకున్నాడు. 1964 అక్టోబరు 1న తెల్లవారి టోక్యో స్టేషను నుంచి మొదటి షింకాన్‌సెన్ బండి జెండా ఊపించుకుని బయలుదేరినప్పుడు ప్లాట్‌ఫాం మీద ఆ ఇద్దరూ లేరు. ఆనాడు ఒసాకాకు నాలుగు గంటలు పట్టింది. నాటినుంచి నేటివరకు షింకాన్‌సెన్ బండ్లు పట్టాలు తప్పడం వల్ల గాని, ఢీకొనడం వల్ల గాని ప్రయాణికుడు ఒక్కడూ చనిపోలేదు. పనికి ఇంతకంటె మంచి సర్వీసు రికార్డు ఏముంటుంది?

తరువాత ఆయన ముఖచిత్రంతో ఒక కంచుఫలకాన్ని ఆ స్టేషనులోనే, 18, 19 నంబర్ల ప్లాట్‌ఫాం దక్షిణపు కొసన పెట్టారు. బండి అందుకునే తొందరలో అంతదూరం ఎవరూ నడవరు. మన సభ్యులు వెళ్ళినప్పుడు ఒక పావుగంట ముందుగా స్టేషను చేరి, ఆ కొసదాకా నడిచి, ఒక నమస్కారం పెట్టి రావలసిందిగా కోరుతున్నాను.