కడితం నుంచి కైఫియ్యత్తు దాకా

కడితం అంటే నల్లటి గుడ్డ పుస్తకం. కాగితం పల్లెలకు ధారాళంగా అందకముందు రాయలసీమలోను, దాని పక్కనున్న మైసూరు సీమలోను కరణాలు, అంగడివాళ్ళు పద్దులు రాసుకోవడానికి దీన్ని వాడేవారు. చింతపిక్కల జిగురులో బొగ్గుపొడి కలిపి నూలుగుడ్డకు రెండువైపులా పట్టించి ఆరబెడితే గుడ్డ పలకలా గట్టిపడుతుంది. మైసూరులో రెసిడెంటుగా పనిచేసిన మార్క్ విల్క్స్ 1810లో అచ్చయిన తన చరిత్ర గ్రంథంలో దీని కొలతలు కూడా ఇచ్చాడు: వెడల్పు ఎనిమిది అంగుళాల నుంచి అడుగు, పొడవు పన్నెండు నుంచి పద్దెనిమిది అడుగులు. ఈ గుడ్డను ఎక్కడా కోయకుండా మడతలు మడతలుగా పేర్చి, రెండు చివరలా చెక్కలు అతికిస్తారు. రాసేది బలపంతో. తడిగుడ్డతో తుడిస్తే రాత పోతుంది, మళ్ళీ మసి పూసుకుంటే పుస్తకం కొత్తదవుతుంది.

దీనికి తోడు తాటాకు కవిలె ఉండేది. ఈ రెండింటి గుణాలూ ఒకదానికొకటి ఎదురు. ఆకుమీద గంటంతో గీసిన అక్షరం చెరగదు గాని, తాడు తెగితే కమ్మలు చెల్లాచెదురవుతాయి. అందుకే లేఖకులు ప్రతి కమ్మకూ అంకె వేసేవారు. కడితంలో అక్షరం చెరిగిపోతుంది గాని, గుడ్డ ఒకటే కాబట్టి పుటలు తారుమారు కావు. చిత్తు రాయడానికి, దిద్దడానికి ఇంతకంటే అనువైన సాధనం ఆనాటి పల్లెలో దొరకదు. మరి దిద్దినచోట ఇదివరకు ఏముందో చెప్పే ఆనవాలు కూడా అందులో మిగలదు.

కరణం దగ్గర ఉండేవి శిస్తు లెక్కలు మాత్రమే కావు. అడవి కొట్టి ఊరు కట్టినదెవరు, చెరువు తవ్వించినదెవరు, గుడికి ఏ పొలం మాన్యంగా వచ్చింది, పొలిమేర ఏ బండ దగ్గర తిరుగుతుంది అనే సంగతులన్నీ దండకవిలెలనే ఊరి దస్తరాల్లోకి ఎక్కేవి. ఇది చరిత్రమీద మమకారంతో చేసిన పని అనుకుంటే పొరపాటే. అనంతపురం పీఠభూమిలో ఏడాదికి పడే వాన దాదాపు 550 మిల్లీమీటర్లు. ఇక్కడ చెరువు నిలిస్తేనే ఊరు నిలుస్తుంది. చెరువు కట్టించినవాళ్ళకు, బాగుచేయించినవాళ్ళకు దశబంధం అనే ఇనాము పొలాలు దక్కేవి. తాత తవ్వించిన చెరువు కథ మనవడికి పొలం హక్కు. ఆ కథను ఎవరు రాశారు, ఎవరు దిద్దారు అన్నది తగువులదాకా వెళ్ళే వ్యవహారం.

రాయలసీమలోని చిలమత్తూరు ఈ రాత సంప్రదాయానికి సరిగ్గా అంచున ఉంది. పడమట లేపాక్షి. ఊరు దాటి కాస్త పోతే కర్ణాటకలోని బాగేపల్లి. తెలుగు నాలుకల మధ్య కన్నడ రాత కూడా నడిచిన సీమ ఇది. అచ్యుతరాయల కాలపు లేపాక్షి గుడిలో కన్నడ శాసనాలున్నాయి. టిప్పు 1799లో పడిపోయాక నిజాముకు దక్కిన ఈ భాగాలు 1800లో కుంపిణీ చేతికి వచ్చి దత్తమండలాలయ్యాయి.

కవిలెల్లోని కథలు కాగితమెక్కింది ఆ రోజుల్లోనే. కుంపిణీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ 1799లో మైసూరు సర్వే మొదలుపెట్టాక, ఏలూరుకు చెందిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఆయన తరఫున ఊరి కథలు సేకరించారు. బొర్రయ్య 1803లోనే చనిపోయాడు, లక్ష్మయ్య పని కొనసాగించాడు. వాళ్ళ మనుషులు కరణాల దండకవిలెలు చూసి, పెద్దల నోటిమాటలు విని రాసినవే కైఫియ్యత్తులు. ఊరిలో దిద్దుబాటుకు లోబడి ఉన్న కథ ఒకానొక రోజున ఉన్నదున్నట్టు కాగితం మీద ఆగిపోయింది.

అయితే కాగితానికీ చిక్కులున్నాయి. 1821లో మెకంజీ చనిపోయేనాటికి సేకరణ కలకత్తాలో కుప్పపడి ఉంది. కుంపిణీ దాన్ని ఆయన భార్య దగ్గర లక్ష రూపాయలకు కొన్నది. హెచ్.హెచ్. విల్సన్ 1828లో ప్రకటించిన పట్టికలో 1,568 గ్రంథాలు, 2,070 స్థానిక రచనలు, 8,076 శాసన ప్రతులు లెక్కకొచ్చాయి. దక్షిణాది భాషల ప్రతులు ఆ తరువాత మద్రాసుకు చేరి, అక్కడ పురుగుల పాలయ్యాయి. సిరా చెదిరి కాగితం పొడి అవుతున్న తెలుగు సంపుటాలకు సి.పి. బ్రౌన్ లేఖకులను పెట్టి మళ్ళీ నకళ్ళు రాయించి బైండు చేయించాడు. నేడు చదివే కైఫియ్యత్తుల్లో చాలావాటికి మూలం ఈ నకళ్ళే. కవిలె నుంచి లెక్కేస్తే అవి మూడోచేతి ప్రతులు.

ఊళ్ళలో ఉన్న మాతృకల కథ వేరు. కరణీకం వంశపారంపర్యం కనుక పుస్తకాలు కరణం ఇంటి అటకమీదే ఉండేవి. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. కాగితపు రికార్డులు ప్రభుత్వానికి అప్పగించవలసి వచ్చింది. అప్పటికే వాడుక తప్పిన కడితాలను అడిగేవాళ్ళు లేరు. ఆ నల్లగుడ్డ పుస్తకాలను ఇప్పుడు చూడాలంటే శృంగేరి వంటి మఠాల భాండారాలకు వెళ్ళాలి.