తల్లి కుట్టిన చిన్న అంగీ, పిల్లలు చేసిన నక్షత్రం



డిసెంబరు నెల వచ్చిందంటే పాస్టరుగా నా దగ్గరకు రెండు రకాల మాటలు వస్తాయి. ఒకటి, "అయ్యగారూ, పండుగలోగా మా ఇంట్లో ఒక ప్రార్థన పెట్టండి" అని. రెండవది గొంతు తగ్గించి చెప్పే మాట. "పిల్లలకు బట్టలు తీయాలి, చేతిలో ఏమీ లేదు, వడ్డీకి తెస్తున్నామయ్యగారూ" అని. సంక్రాంతి దాటినా ఆ బాకీ తీరదు. ఎవరికీ ఏమీ ఇవ్వలేకపోతున్నామనే సిగ్గుతో పండుగ ఆరాధనకే రానివారినీ నేను చూశాను. అందుచేత ఈ దినమున, క్రిస్మస్‌కు చేతితో చేసి ఇచ్చిన కానుకల చరిత్ర కొంచెము మీతో చెప్పాలని ఆశపడుతున్నాను.

ముందుగా బైబిలులోనికి వెళ్దాము. 1 సమూయేలు 2వ అధ్యాయము 19వ వచనము తీసి చూడండి. హన్నా తన కుమారుణ్ణి షిలోహులో ఏలీ దగ్గర విడిచిపెట్టింది. ఏటేటా బలి అర్పించుటకు భర్తతో కూడా వెళ్లేటప్పుడు, తాను కుట్టిన చిన్న అంగీ ఒకటి తీసుకొని వెళ్లేది. ఒక్కసారి ఆలోచించండి. సంవత్సరమంతా బిడ్డను చూడని తల్లికి వాడు ఎంత ఎదిగాడో ఎలా తెలుస్తుంది? కొలత లేదు. పొరుగింటి పిల్లలను చూసి, మనస్సులో లెక్క వేసుకొని, నాలుగు వేళ్లు ఎక్కువే పెట్టి కుట్టి ఉంటుంది. ఇది నా ఊహ మాత్రమే, వాక్యములో లేదు. అయినా కుట్టుమిషను ఎక్కిన తల్లులెవరూ ఈ ఊహను కాదనరు.

ఇప్పుడు జర్మనీ దేశమునకు వెళ్దాము. 1722లో జిన్‌జెన్‌డార్ఫ్ అనే ప్రభువు తన భూములలో, హింసల వలన పారిపోయి వచ్చిన మొరేవియా విశ్వాసులకు చోటిచ్చాడు. ఆ ఊరే హెర్న్‌హూట్. పదేళ్లు తిరిగేసరికి, 1732లో, అక్కడినుండి ఒక కుమ్మరి, ఒక వడ్రంగి బయలుదేరి వెస్టిండీస్ దీవుల్లోని బానిసలకు సువార్త చెప్పడానికి వెళ్లారు. వీరి సంగతి మనకెందుకంటారా? 1792లో విలియం కేరీ సువార్త బాధ్యతనుగూర్చి పుస్తకము వ్రాసినప్పుడు ఈ మొరేవియన్ సహోదరులనే మాదిరిగా చూపించాడు. ఆ కేరీ బృందము శ్రీరాంపూర్‌లో పెట్టిన ముద్రణాలయములోనే 1818లో తెలుగు క్రొత్త నిబంధన అచ్చయింది. వారి దీపము వెలుగు కొంచెము మన ఇంటి గడపమీద కూడా పడింది.

1747 క్రిస్మస్ కాలము. మారియన్‌బోర్న్ అనే చోట పిల్లల ఆరాధన జరుగుతోంది. జిన్‌జెన్‌డార్ఫ్ అల్లుడు జాన్ వాటెవిల్ వాక్యము చెప్పి, ప్రతి బిడ్డ చేతికి వెలిగించిన కొవ్వొత్తి ఒకటి ఇచ్చాడు. దాని చుట్టూ ఎర్రని రిబ్బను. వెలుగు ప్రభువు, ఎరుపు ఆయన రక్తము. పిల్లలు ఆ దీపాలు పట్టుకొని సంతోషముగా తమ గదులకు వెళ్లారు. జరిగింది అంతే! ఒక కొవ్వొత్తి, జానెడు రిబ్బను.

ఇక్కడ దాచకుండా ఒక సంగతి చెప్పాలి. అదే సంవత్సరాల్లో, అక్కడికి దగ్గరలోని హెర్న్‌హాగ్ అనే వారి ఊరిలో పండుగలు చాలా ఆర్భాటముగా చేసేవారు. దీపాల తోరణాలు, బొమ్మల అలంకరణలు, కొవ్వొత్తులకు లెక్కే లేదు. దాన్ని చూసి బయటివారు విమర్శించారు, తరువాత సంఘపెద్దలే సిగ్గుపడ్డారు. 1750లో ఆ ప్రాంతపు పాలకునితో విభేదము వచ్చి ఆ ఊరు ఖాళీ చేయవలసి వచ్చింది. కొద్దికాలానికి అప్పులు మీదపడి సంఘమే కూలిపోయే స్థితికి చేరింది. ఆ అలంకరణలు ఏమైపోయాయో ఈనాడు ఎవరికి కావాలి? పిల్లల చేతిలోని కొవ్వొత్తి మాత్రము ఆగలేదు. మొరేవియన్ మిషనరీలు దానిని తాము వెళ్లిన దేశాలన్నిటికి తీసుకొనిపోయారు. 1968లో ఇంగ్లండులో పిల్లల సంక్షేమము కొరకు పనిచేసే ఒక క్రైస్తవ సంస్థ దానిని లింకన్ కెతీడ్రల్‌లో జరిపించింది. ఇప్పుడు అక్కడ కమలాపండులో కొవ్వొత్తి గుచ్చి, చుట్టూ ఎర్ర రిబ్బను కట్టి, నాలుగు పుల్లలకు ఎండుద్రాక్షలు గుచ్చి ఇస్తారు. పండు లోకము, నాలుగు పుల్లలు నాలుగు ఋతువులు, పైన వెలిగేది లోకమునకు వెలుగైన ప్రభువు.

నక్షత్రము సంగతి ఇంకా హృదయమును తాకుతుంది. మొరేవియన్ మిషనరీలు గ్రీన్‌లాండ్, లాబ్రడార్, సూరినామ్, దక్షిణాఫ్రికా వరకు వెళ్లారు. అక్కడ పుట్టిన తమ బిడ్డలను ఆరేడు సంవత్సరాలు రాగానే చదువు కొరకు ఐరోపాకు పంపేవారు. ఓడలో నెలల తరబడి ప్రయాణము. అనేకమంది పిల్లలు తల్లిదండ్రులను మళ్లీ చూసేసరికి పెద్దవారైపోయేవారు. కొందరు ఇక చూడనేలేదు. అలాంటి పిల్లలు కూడా చదివే నీస్కీ బోర్డింగు పాఠశాలలో, 1830ల ప్రాంతములో, రేఖాగణితము పాఠములో భాగముగా కాగితముతో ఒక నక్షత్రము చేయించారు. 17 చదరపు కొమ్ములు, 8 త్రికోణపు కొమ్ములు, లోపల దీపము. ఆగమన కాలము మొదటి ఆదివారమున వ్రేలాడదీసేవారు. సెలవులకు ఇళ్లకు వెళ్లినవారు అమ్మకు, నాన్నకు, బంధువులకు చేసి ఇచ్చారు. అలా ఇంటింటికి పాకింది. ఆ శతాబ్దము చివర వెర్‌బేక్ అనే ఒక పుస్తకాల వ్యాపారి కుటుంబము దానిని అమ్మకానికి తయారు చేసింది. ఈ రోజుకీ హెర్న్‌హూట్‌లో దాన్ని చేతితోనే అతికిస్తారు.

మిషను చరిత్రలు ఆ తల్లిదండ్రుల త్యాగమును పొగుడుతాయి. నేనూ సెమినరీలో అలాగే చదివాను, మొదట్లో అలాగే బోధించాను. ఇప్పుడు నా పిల్లలను చూసుకొంటున్నప్పుడు అంత తేలికగా ఆ మాట అనలేకపోతున్నాను. త్యాగము చేసింది తల్లిదండ్రులు, కాని దాని వెల చెల్లించిన వారిలో ఆ పిల్లలూ ఉన్నారు. వారిని ఎవరూ అడగలేదు. హన్నా ఏటేటా వెళ్లి బిడ్డను చూచింది, ఈ తల్లులకు ఆ భాగ్యము లేదు. అందుకే ఆ కాగితపు నక్షత్రమును నేను ఉత్త అలంకారముగా చూడలేను.

ప్రియులారా, ఇది పరాయి సంగతి కాదు. కోనసీమ నుండి, కడప నుండి కువైట్‌కు, దుబాయికి పనికి వెళ్లిన తల్లులు మన సంఘాల్లో ఎంతమంది లేరు? పిల్లలు అమ్మమ్మ దగ్గర ఉంటారు. పండుగకు అక్కడినుండి చాక్లెట్లు, సెంటు బాటిళ్లు, ఆడుకొనే కారు వస్తాయి. ఇక్కడినుండి ఆమెకు ఏమి వెళ్తుంది? ఒక సంవత్సరము మా సండేస్కూలులో అలాంటి బిడ్డ ఒకడు చార్టు ముక్కమీద తన అరచేయి పెట్టి, చుట్టూ పెన్సిలు గీసి, లోపల రంగులు నింపి, ఊరికి వచ్చి తిరిగి వెళ్తున్న పొరుగువారి చేత పంపించాడు. అందిన రోజున ఆ తల్లి ఫోను చేసింది. బొమ్మ బాగుందని కాదు, చేయి ఇంత పెరిగిందా అని ఏడ్చింది.

ఈ వారము మీ ఇంట నక్షత్రము చేయాలంటే ఖర్చేమీ లేదు. రెండు వెదురు బద్దలు సన్నగా చీల్చి త్రికోణాలు కట్టండి, గాలిపటాల కాగితము, ఉడికించిన మైదా జిగురు చాలు. కాగితము దగ్గర వేడెక్కే పాత బల్బు వద్దు, చిన్న ఎల్‌ఈడీ బల్బు పెట్టండి. కమలాపండు దీపము చేసేవారు చిన్నపిల్లల జుట్టు, ఓణీ మంటకు దూరముగా ఉండేలా ప్రక్కన పెద్దలు నిలబడాలి. బట్టలు కుట్టడము వచ్చిన అక్కలు, దర్జీ దగ్గర మిగిలిన ముక్కలతో బైబిలుకు ఒక సంచి కుట్టి ఇవ్వవచ్చు. ఆ అరచేతి కార్డుకు అన్నిటికన్నా తక్కువ ఖర్చు. వెనుక తారీఖు వేయడము మాత్రము మరచిపోకండి. వచ్చే యేడు మళ్లీ గీసి ప్రక్కన పెట్టి చూసుకొంటారు.