బీడీ, నాడె, నూటఅరవై అడుగుల గది

నిజాం సీమ నుంచి కూలికి వచ్చి బొంబాయిలో రాయీ మట్టీ మోసిన కామాఠీల పేరే కామాఠీపురాకు నిలిచింది. ఆ తర్వాత పద్మశాలీలు వర్లీ, పరేల్ మిల్లుల్లో సాంచాలు (మరమగ్గాలు) పట్టారు. ఆడవాళ్లు ఇంట్లోనే తునికాకు కత్తిరించి బీడీలు చుట్టేవారు. పొగాకు పొడి, పసిపిల్లలు, వంట పొయ్యి, అన్నీ ఆ ఒక్క గదిలోనే.

మిల్లులో పత్తి ధూళి ఎక్కువగా లేచేది బ్లోరూమ్, కార్డింగ్ ఖాతాల్లో (విభాగాల్లో). సెలవు గడిచాక సోమవారం పనిలో దిగగానే ఛాతీ పట్టేసేది. వారం నడిచేకొద్దీ సడలేది. బ్రిటన్‌లో రిచర్డ్ షిల్లింగ్ 1950లలో ఈ సోమవారపు బిగువు ఆధారంగానే బిసినోసిస్‌ను, అంటే పత్తి ధూళి తెచ్చే ఊపిరితిత్తుల జబ్బును, దశలుగా విడదీశాడు. నేతఖాతాలో ధూళి తక్కువే. కానీ కండె మార్చినప్పుడల్లా నాడె కంతలోంచి దారాన్ని నోటితో పీల్చి లాగాలి. ఎంగిలి సాకు చెప్పి దళితులను ఆ ఖాతాలోకి రానివ్వని కులం కథ కూడా అక్కడే ఉంది. నోటితో పీల్చడం నేతగాడి అలవాటా, మిల్లు నేర్పిన పనా?

దగ్గుకు కారణం వెతికే వైద్యం మాత్రం చాలాకాలం బీడీ తాగడం దగ్గరే ఆగింది. దానికి కారణం లేకపోలేదు. లండన్ మగ కార్మికుల మీద ఫ్లెచర్, పీటో 1977లో రాసిన వ్యాసం, పొగ మానితే ఊపిరితిత్తుల క్షీణత నెమ్మదిస్తుందని తేల్చింది. ఇప్పటికీ పొగతాగే సీఓపీడీ (ఊపిరి గొట్టాలు దీర్ఘకాలంగా ఇరుకైపోయే జబ్బు) రోగికి దాన్ని మించిన సలహా లేదు. అయితే బీడీ ముట్టని ఆడమనిషికి ఆ సలహా ఎందుకు పనికొస్తుంది? పుణేకు చెందిన డాక్టర్ సందీప్ సాల్వి, పీటర్ బార్న్స్‌తో కలిసి 2009లో లాన్సెట్‌లో పొగతాగనివాళ్ల సీఓపీడీ గురించి రాశాక గానీ పొయ్యి పొగకు గట్టి గుర్తింపు రాలేదు. అదే గదిలో కాలే దోమల చుట్ట సంగతి అయితే 2003లోనే తెలిసింది: ఒక్కటి కాలితే వెలువడే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్లకు సమానం.

బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడంపై నిషేధం 2008 అక్టోబరు 2న అమల్లోకి వచ్చింది. ఇంటి గాలి దాని పరిధిలో లేదు. కార్మికుల కోసం 1920లలో కట్టిన బీడీడీ (బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్) చాళ్లలో కుటుంబానికి దక్కింది 160 చదరపు అడుగులు. కిటికీ తీయండి, పొయ్యి దూరంగా పెట్టండి అని చెప్పే డాక్టరు ఆ గదిని చూసి ఉండడు. ఇప్పుడు వర్లీలో పాతవి కూల్చి 500 చదరపు అడుగుల ఫ్లాట్లు ఇస్తున్నారు. గది మారిన ఇళ్లలో దగ్గు ఎంత తగ్గిందో ఎవరైనా లెక్క తీస్తే బాగుండు.