క్రీడాకారుల పోర్ట్రెయిట్ ఫొటోగ్రఫీ

ఆటను కాక ఆటగాడిని చూపే ఛాయాచిత్రణ. పరుగు పందెం మధ్యలోనో బంతిని కొడుతుండగానో తీసిన ఫొటోలు ఈ కోవలోకి రావు. క్రీడాకారుడు కెమెరా ముందు నిలబడి దిగినవి, ఆట ముగిశాక అతని స్వభావం బయటపడినప్పుడు తీసినవి వస్తాయి. తెలుగునాట దీని చరిత్ర సికింద్రాబాద్ స్టూడియోలతో మొదలవుతుంది.

తొలి దశ: తడి ప్లేట్ల కాలంలో ఫొటో దిగేవారు కొన్ని సెకన్లపాటు కదలకుండా ఉండాల్సి వచ్చేది. తల కదలకుండా వెనక ఇనుప ఊత పెట్టేవారు. ఆనాటి ముఖాల్లో కనిపించే గాంభీర్యంలో సగం ఆ ఊత పుణ్యమే. 1880ల నాటికి పొడి ప్లేట్లు వాడుకలోకి వచ్చి ఈ బాధ తగ్గింది. మీరట్ దగ్గరి సర్దానాలో 1844లో పుట్టిన లాలా దీన్‌దయాళ్ ఆ దశకంలోనే సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచారు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆయనకు ‘ముసవ్విర్ జంగ్’ బిరుదు ఇచ్చారు. నిజాం వేటలతో పాటు సైనిక విన్యాసాలు, పోలో ఆటగాళ్ళు కూడా ఆయన కెమెరాకు చిక్కారు. ఆ చిత్రాల్లో మనిషి కంటే హోదా ముందు కనిపిస్తుంది. ఎవరు కుర్చీలో, ఎవరు వెనక అన్నది అంతస్తును బట్టి తేలేది. ఆయన స్టూడియో గాజు నెగెటివ్‌ల పెద్ద సేకరణ 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరింది.

విజ్డెన్, సి.కె. నాయుడు: ఇంగ్లండ్ క్రికెట్ వార్షిక గ్రంథం విజ్డెన్ 1889 సంచికలో ఆరుగురు బౌలర్ల ఫొటోలు అచ్చువేసింది. ఏటా మేటి ఆటగాళ్ళను ఎంచి గౌరవించే ఆనవాయితీకి అదే మొదలు. స్వయంగా కౌంటీ క్రికెటర్ అయిన జార్జ్ బెల్డమ్ 1905లో బ్యాట్స్‌మెన్ ఫొటోలతో వెలువరించిన పుస్తకం ఈ కళకు గట్టి పునాది. ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ విక్టర్ ట్రంపర్ క్రీజు వదిలి ముందుకు దూకుతున్న ప్రసిద్ధ చిత్రం బెల్డమ్ తీసిందే. అది మ్యాచ్‌లో తీసింది కాదు, కెమెరా కోసం ఆడి చూపిన షాట్. అయినా ట్రంపర్ తెగువ అందులో ఉన్నంతగా మరెక్కడా లేదు.

నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో 1895 అక్టోబరు 31న పుట్టిన కొఠారి కనకయ్య నాయుడు 1926లో బొంబాయిలో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టుపై 11 సిక్సర్లతో 153 పరుగులు చేశారు. 1932 జూన్ 25న లార్డ్స్‌లో మొదలైన భారత తొలి టెస్టుకు ఆయనే కెప్టెన్. 1933 విజ్డెన్ ఎంచిన ఐదుగురిలో ఒకరు. ఆరడుగుల ఎత్తు, నిటారైన మెడ, నవ్వుకు తొందరపడని పెదవి: ఆయన చిత్రాల్లో చేతిలో బ్యాట్ లేకున్నా కెప్టెన్ ఎవరో అడగనక్కర్లేదు. పెద్ద వయసులో బంతి తగిలి పళ్ళు రాలినా క్రీజు వదలలేదని చెప్పుకుంటారు. ఫొటోలు చూస్తే ఆ మాట నమ్మబుద్ధవుతుంది. 1941లో ఒక లివర్ టానిక్ ప్రకటనలోనూ కనిపించారు. ఆటగాడి ముఖానికి మన దేశంలో బజారు విలువ వచ్చిన తొలి సందర్భాల్లో అదొకటి.

మల్లయోధులు: వీరఘట్టానికి చెందిన కోడి రామమూర్తి నాయుడు (మరణం 1942) గొలుసులు తెంచడం, రొమ్ముపై ఏనుగును నిలబెట్టుకోవడం వంటి ప్రదర్శనలతో ‘కలియుగ భీముడు’ అనిపించుకున్నారు. ఐరోపాలో బలశాలి యూజెన్ సాండో తన కండల ఫొటోలను కార్డులుగా అమ్మించిన పద్ధతి అప్పటికే మన దేశానికి తెలుసు. ఇలాంటి బలశాలుల ఫొటోల్లో దేహమే ప్రధానం, మనసుకు చోటు తక్కువ.

స్వాతంత్ర్యానంతరం నాలుగు దశాబ్దాల పాటు గ్రూప్ ఫొటోదే రాజ్యం: చేతులు కట్టుకుని నిలబడినవారు, ముందు షీల్డు, కింద ‘ఎడమ నుంచి కుడికి’ పేర్లు. కోచ్ రహీం శిక్షణలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందిన భారత ఫుట్‌బాల్ జట్టులోని హైదరాబాదీలు కూడా ఎక్కువగా ఆ వరుసల్లోనే మిగిలారు. అదే కాలంలో న్యూయార్క్‌లో రిచర్డ్ అవెడన్ 1963లో పదహారేళ్ళ బాస్కెట్‌బాల్ ఆటగాడు ల్యూ ఆల్సిండర్‌ను (తర్వాతి కరీం అబ్దుల్ జబ్బార్) ఒంటరిగా నిలబెట్టి తీశారు.

ఇటీవలి కాలం: 2000 సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం గెలిచిన కరణం మల్లీశ్వరి అందరికీ గుర్తున్నది తలపై బరువుతోనే. 2016 రియో ఒలింపిక్స్ బ్యాడ్మింటన్ ఫైనల్లో ఓడిన పి.వి. సింధు, కోర్టులో కూలబడిన కరోలినా మారిన్‌ను లేపి కౌగిలించుకుంది. మారిన్ రాకెట్‌ను తీసి సంచిపై పెట్టింది. ఎవరూ పోజు పెట్టించని ఆ దృశ్యాలు పతకం మెడలో వేసుకున్న ఫొటో కన్నా సింధును బాగా చూపిస్తాయి.

పశ్చిమ కర్నూలు: పల్లె పోటీల్లోనూ విజేత పోర్ట్రెయిట్ ఉంది. జొన్నగిరి, ఆదోని, ఎమ్మిగనూరు వైపు జాతరల్లో ఎడ్ల బండలాగుడు పోటీలకు ఆదరణ ఎక్కువ. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర జాతర వీటికి పేరుపొందింది. ఇక్కడి విజేత ఫొటోలో యజమాని ముక్కుతాడు పట్టుకుని రెండు ఎడ్ల మధ్య నిలబడతాడు.  ఫ్లెక్సీ వేసేటప్పుడు అతని పేరుతో పాటు ఎద్దులు పళ్ళను బట్టి ఏ వయసు విభాగంలో లాగాయో, రెండు పళ్ళా, నాలుగు పళ్ళా, సీనియరా అన్నదీ వేయిస్తారు.