నైరోబీ యువ అథ్లెటిక్స్ పోటీలు – హకీంపేట క్రీడా పాఠశాల: ఒక చారిత్రక పరిశీలన

1. పరిచయం

క్రీడల చరిత్రను పతకాల జాబితాగా చదవడం మనకు అలవాటు. ఎవరు గెలిచారో ఆ జాబితా చెబుతుంది, ఎందుకు గెలిచారో చెప్పదు. ఆ రెండో ప్రశ్నకు సాధారణంగా వినిపించే జవాబు భూగోళం. కెన్యావాళ్లు ఎత్తైన ప్రాంతాల్లో పుడతారు కాబట్టి పరుగెత్తగలరని అంటారు. ఈ జవాబు ఎంతవరకు నిలుస్తుంది? నైరోబీలో 2017, 2021 సంవత్సరాల్లో జరిగిన ప్రపంచ యువ అథ్లెటిక్స్ పోటీలను, మన మేడ్చల్ జిల్లా షామీర్‌పేట మండలంలోని హకీంపేట క్రీడా పాఠశాలను పక్కపక్కన పెట్టి ఈ పాఠంలో పరిశీలిద్దాం. చదివిన తరువాత మీరు ఒక చారిత్రక పరిణామంలో ప్రకృతి పాత్రను, సంస్థల పాత్రను వేరుచేసి వివరించగలగాలి.

2. యువ పోటీల నేపథ్యం

ఇరవై ఏళ్ల లోపు వారికి ప్రపంచ పోటీలు 1986లో ఏథెన్స్‌లో మొదలయ్యాయి. పద్దెనిమిదేళ్ల లోపు వారికి ప్రత్యేక పోటీలు 1999లో పోలెండ్‌లోని బిడ్గోష్ నగరంలో ప్రారంభమై, ఆ తరువాత రెండేళ్లకోసారి జరిగాయి. పదహారు, పదిహేడేళ్ల పిల్లలకు ప్రపంచ స్థాయిలో ఇది మొదటి మెట్టు.

2017 జూలై 12 నుంచి 16 వరకు ఈ పోటీలు నైరోబీ కసరానీ ప్రాంతంలోని క్రీడా ప్రాంగణంలో జరిగాయి. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా వంటి దేశాలు భద్రతా కారణాలు చూపి జట్లను పంపలేదు. భారత్ పంపింది. హ్యామర్ త్రోలో దమ్‌నీత్ సింగ్ రజతం గెలిచాడు. పద్దెనిమిదేళ్ల లోపు వారి ప్రపంచ పోటీలకు ఇదే చివరిది. ఆ వయసు పోటీలను ఇకపై ఖండాల స్థాయికి వదిలివేయాలని అంతర్జాతీయ సమాఖ్య నిర్ణయించింది. ఈ నిర్ణయం ప్రభావాన్ని ఆరో భాగంలో చూద్దాం.

3. ఎత్తు ఏం చేస్తుంది?

నైరోబీ సముద్రమట్టానికి సుమారు 1,800 మీటర్ల ఎత్తున ఉంది. హైదరాబాద్ పరిసరాల ఎత్తు 550–600 మీటర్లు. ఎత్తు పెరిగినా గాలిలో ఆక్సిజన్ పాలు మారదు, 21 శాతం దగ్గరే ఉంటుంది. మారేది గాలి ఒత్తిడి. నైరోబీలో అది సముద్రమట్టంతో పోలిస్తే అయిదో వంతు తక్కువ. అందువల్ల ప్రతి శ్వాసలో అందే ఆక్సిజన్ తగ్గుతుంది, దూరపు పరుగులు కష్టమవుతాయి. మరోవైపు గాలి పలచబడి శరీరానికి ఎదురయ్యే అడ్డు కూడా తగ్గుతుంది. వంద మీటర్ల పరుగుకు, లాంగ్ జంప్‌కు ఇది మేలు. 2,240 మీటర్ల ఎత్తున 1968లో జరిగిన మెక్సికో ఒలింపిక్స్‌లో బాబ్ బీమన్ 8.90 మీటర్లు దూకాడు. అదే పోటీల్లో 1,500 మీటర్ల స్వర్ణం కెన్యాకు చెందిన కిప్ కేనోకు దక్కింది. కెన్యా అనగానే ఎత్తు గుర్తుకు రావడం ఆ ఒలింపిక్స్ తరువాత బాగా బలపడింది. అథ్లెటిక్స్ గణాంకాల్లో వెయ్యి మీటర్లకు పైన సాధించిన ఫలితాలకు నేటికీ ప్రత్యేక గుర్తు వేస్తారు.

అయితే ఎత్తు ఒక్కటే కారణమైతే నేపాల్, బొలీవియా, మన లద్దాఖ్ కూడా పరుగుల వీరులతో నిండిపోవాలి. అలా జరగలేదు. కెన్యాలో ఎత్తుతో పాటు మరొకటి కూడా ఉంది. 2,400 మీటర్ల ఎత్తున ఉన్న ఇటెన్ పట్టణంలో సెయింట్ పాట్రిక్స్ అనే బడి ఉంది. ఐర్లాండ్ నుంచి 1976లో అక్కడికి ఉపాధ్యాయుడిగా వచ్చిన కోమ్ ఓకానెల్ దశాబ్దాల పాటు పిల్లలకు పరుగు నేర్పాడు. 800 మీటర్ల ప్రపంచ రికార్డు నెలకొల్పిన డేవిడ్ రుడీషా ఆయన శిష్యుడే. ఇక సముద్రపు ఒడ్డు దేశమైన జమైకాలో 1910లో మొదలైన పాఠశాలల పరుగు పోటీలు తరతరాలుగా స్ప్రింటర్లను తయారు చేస్తున్నాయి. ఒకచోట కొండ, ఒకచోట తీరం. రెండు చోట్లా ఉన్నది బడి.

4. నైరోబీ, 2021

కోవిడ్ వల్ల ఏడాది వాయిదా పడిన ఇరవై ఏళ్ల లోపు ప్రపంచ పోటీలు 2021 ఆగస్టు 18 నుంచి 22 వరకు అదే ప్రాంగణంలో జరిగాయి. భారత్ మూడు పతకాలు గెలిచింది. అంతకు ముందు ఈ పోటీల్లో ఏ ఒక్కసారీ మన దేశానికి ఒకటికి మించి పతకం రాలేదు. 4x400 మీటర్ల మిశ్రమ రిలేలో కాంస్యం వచ్చింది. లాంగ్ జంప్‌లో శైలీ సింగ్ 6.59 మీటర్లు దూకి, ఒకే ఒక్క సెంటీమీటరు తేడాతో స్వీడన్ క్రీడాకారిణి వెనుక నిలిచి రజతం అందుకుంది.

మన చర్చకు ముఖ్యమైనది మూడో పతకం. 10,000 మీటర్ల నడకలో శ్వాసకు ఎత్తు పెట్టే పరీక్ష పూర్తిగా ఉంటుంది. అందులో హర్యానా మైదాన ప్రాంతపు అమిత్ ఖత్రీ రజతం గెలిచాడు. స్వర్ణం గెలిచిన కెన్యా యువకుడికీ అతనికీ మధ్య తేడా సుమారు ఏడు సెకన్లు. ఎత్తు అనుకూలతే గాని తీర్పు కాదని ఈ ఫలితం చూపిస్తుంది.

ఆ జట్టులో మన తెలంగాణ అమ్మాయి కూడా ఉంది. అగసార నందిని 100 మీటర్ల హర్డిల్స్‌లో పోటీ పడింది. పతకం రాలేదు. రెండేళ్ల తరువాత, 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో, ఏడు అంశాల హెప్టాథ్లాన్‌లో 5,712 పాయింట్లతో కాంస్యం సాధించింది. 2025లో కొరియాలోని గుమీలో ఆసియా ఛాంపియన్‌గా నిలిచింది. టీ అమ్మి బతికే కుటుంబం నుంచి వచ్చిన ఆమెకు చదువు, ఆట రెండూ అందించినవి సాంఘిక సంక్షేమ గురుకులాలు.

5. హకీంపేట పాఠశాల

ఇప్పుడు షామీర్‌పేటకు వద్దాం. హైదరాబాద్ నుంచి కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి మీద, హకీంపేటలో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1993లో క్రీడా పాఠశాలను నెలకొల్పింది. అప్పుడది రంగారెడ్డి జిల్లా. 2016 జిల్లాల పునర్వ్యవస్థీకరణలో షామీర్‌పేట మేడ్చల్ జిల్లాలో చేరింది. 2014 తరువాత పాఠశాల తెలంగాణ క్రీడా పాఠశాలగా కొనసాగుతోంది.

ఇక్కడి ప్రవేశ పద్ధతిని గమనించండి. నాలుగో తరగతిలో చేరే పిల్లలను మండల, జిల్లా, రాష్ట్ర స్థాయుల్లో వడపోస్తారు. ఎత్తు, బరువు కొలుస్తారు. 800 మీటర్ల పరుగు, షటిల్ రన్, నిలబడి దూకడం, మెడిసిన్ బాల్ విసరడం వంటి పరీక్షలు పెడతారు. తండ్రి ఏం చేస్తాడన్నది ఈ కొలతల్లో లేదు. ఊళ్లో మైదానం కూడా లేని పిల్లవాడికి హాస్టల్, తిండి, చదువు, శిక్షకుడు ఒకేచోట దొరకడం ఈ సంస్థ చారిత్రక ప్రాముఖ్యం. స్టూవర్టుపురం నుంచి వచ్చి ఇక్కడ చదివిన రాగాల వెంకట్ రాహుల్ 2014లో నాన్జింగ్ యువ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ రజతం, 2018లో కామన్వెల్త్ స్వర్ణం గెలిచాడు. వలస పాలకులు నేరస్థుల సెటిల్‌మెంటుగా ముద్ర వేసిన ఊరి పేరు అతని వల్ల పతకంతో కలిసి వినబడింది.

6. పోయిన మెట్టు

తొమ్మిదేళ్ల వయసులో బడిలో చేరిన పిల్లకు ఏడెనిమిదేళ్ల శ్రమ తరువాత పదహారు, పదిహేడు వస్తాయి. సరిగ్గా ఆ వయసుకు ఉన్న ప్రపంచ వేదికే 2017తో ఆగిపోయింది. ఆసియా స్థాయి పోటీలు ఉన్నాయి గాని, ప్రపంచ స్థాయి కోసం ఇరవై ఏళ్ల లోపు విభాగం దాకా ఆగాలి. కలిగిన కుటుంబం ఆగగలదు. కూలి మీద బతికే కుటుంబంలో పదో తరగతి, ఇంటర్ దాటగానే పని అనో పెళ్లి అనో మాట మొదలవుతుంది. ఆట విడిచిపెట్టే ప్రమాదం ఎక్కువగా ఉండేది ఈ మధ్యకాలంలోనే. నందిని విషయంలో పతకానికీ పతకం లేని నైరోబీకీ మధ్య రెండేళ్లు ఉన్నాయి. ఆమె ఆ రెండేళ్లు ట్రాక్ మీదే ఉండగలిగింది. అలాంటి రెండేళ్లు ఎందరికి దొరుకుతున్నాయన్నదే అసలు ప్రశ్న.

7. ముగింపు

నైరోబీ ఎత్తును మనం షామీర్‌పేటకు తెచ్చుకోలేం, తెచ్చుకోనక్కర లేదు కూడా. ఇటెన్, జమైకా, హకీంపేట చరిత్రలు చెప్పేది ఒకటే. భూగోళం అవకాశం ఇస్తుంది, దాన్ని ఫలితంగా మార్చేది సంస్థ. ఆ సంస్థ విలువను అది ఎంతమందిని చేర్చుకుంది అన్నదానితో పాటు, ఎంతకాలం వదలకుండా నిలబెట్టింది అన్న కొలతతో కూడా చూడాలి.

మాదిరి ప్రశ్నలు

1. కెన్యా క్రీడా విజయాలకు భౌగోళిక వివరణ ఎందుకు చాలదో ఉదాహరణలతో రాయండి.
2. హకీంపేట క్రీడా పాఠశాల ప్రవేశ విధానపు సామాజిక ప్రాముఖ్యాన్ని చర్చించండి.
3. పద్దెనిమిదేళ్ల లోపు ప్రపంచ పోటీలు ఆగిపోవడం పేద కుటుంబాల క్రీడాకారులపై ఎలాంటి ప్రభావం చూపగలదు? మీ ప్రాంతంలోని ఒక బడిని పరిశీలించి వివరించండి.