కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్

కారుతో వచ్చిన ఎయిర్ ఫిల్టర్ పెట్టెను తీసేసి, బయటి చల్లగాలిని నేరుగా ఇంజన్‌కు చేర్చేందుకు బిగించే గొట్టం, ఫిల్టర్‌ల కిట్‌ను కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ అంటారు. విడిగా అమ్మే ఇలాంటి కిట్లు 1990లలో అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియాలో పెద్ద వ్యాపారంగా ఎదిగాయి. పైకి వంపు తిరిగిన గొట్టంలాగే కనిపిస్తుంది కానీ, వచ్చే గాలిని కొలిచే సెన్సార్లు ఇంజన్లకు వచ్చాక దీని తయారీలో గొట్టం వంచడం కన్నా కొలతలు కుదర్చడమే కష్టమైన పని అయింది.

గాలి వేడెక్కితే పలచబడుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఘనపు మీటరుకు సుమారు 1.2 కిలోలు తూగే గాలి 60 డిగ్రీల దగ్గర 1.06 కిలోలే తూగుతుంది. రేడియేటర్ వెనక, ఎగ్జాస్ట్ పక్కన చిక్కుకున్న గాలి ట్రాఫిక్‌లో ఆ వేడికి ఇట్టే చేరుతుంది. ఆక్సిజన్ తగ్గితే దానితో కలిసి మండే పెట్రోలూ తగ్గుతుంది. పైగా వేడిగాలితో ఇంజన్ నాకింగ్ చేసే (మిశ్రమం అదుపు తప్పి తనంతట తానే మండే) ప్రమాదం ఉంది కాబట్టి, ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటర్ అయిన ఈసీయూ ఇగ్నిషన్ టైమింగ్‌ను వెనక్కి జరుపుతుంది. అక్కడా కొంత బలం పోతుంది.

ఈ లెక్కను కార్ల కంపెనీలే ముందుగా వాడుకున్నాయి. డ్రాగ్ రేసుల కోసం ఫోర్డ్ 1964లో చేసిన ఫెయిర్‌లేన్ థండర్‌బోల్ట్‌లో లోపలివైపు హెడ్‌లైట్లు రెండూ ఉండవు. ఆ ఖాళీల్లో జాలీలు పెట్టి, అక్కణ్నుంచి లావుపాటి గొట్టాలతో 427 ఘనపుటంగుళాల ఇంజన్‌కు గాలి పంపారు. 1966లో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ 442 డబ్ల్యు-30 ముందు బంపర్ దగ్గర గాలి తీసుకునేది. గొట్టాలకు చోటు చాలక బ్యాటరీని డిక్కీలోకి మార్చారు. షెవర్లే 1967 కమారో జెడ్-28కి ముందు అద్దం అడుగు నుంచి గాలి లాగే ఏర్పాటును ఆప్షన్‌గా ఇచ్చింది. ఎదురుగాలి అద్దానికి కొట్టుకుని ఒత్తిడి పెరిగే చోటది. పాంటియాక్ వాడిన ‘రామ్ ఎయిర్’ అనే పేరు వింటే గాలి బలంగా దూసుకొచ్చి ఇంజన్‌ను నింపుతుందనిపిస్తుంది. నిజానికి గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి కలిపే ఒత్తిడి వాతావరణ పీడనంలో అర శాతానికి కాస్త తక్కువే. రోడ్డు మీద లాభమంతా చల్లదనానిదే.

కాలుష్య చట్టాలు బిగుసుకున్నాక కథ వెనక్కి నడిచింది. చలిలో కార్బ్యురేటర్‌లో పెట్రోలు సరిగా ఆవిరి కాక పొగ కాలుష్యం పెరుగుతుంది. అందుకని 1970ల కార్లలో ఇంజన్ వేడెక్కేదాకా ఎగ్జాస్ట్ పక్కనుంచి వేడిగాలిని తెచ్చే తలుపులు పెట్టారు. ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చాక ఆ అవసరం తగ్గింది.

విడి కిట్లకు కావలసిన ఫిల్టర్ మాత్రం అంతకుముందే పుట్టింది. 1969లో కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో మొదలైన కే అండ్ ఎన్ సంస్థ, నూనె పట్టించిన నూలు గుడ్డ పొరలతో మోటార్‌సైకిళ్లకు ఫిల్టర్లు చేసింది. గాలికి అడ్డు తక్కువ. కడిగి, ఆరబెట్టి, మళ్లీ నూనె పట్టించి వాడుకోవచ్చు.

1990లలో హోండా సివిక్, ఇంటెగ్రా కార్ల మీద కుర్రకారు మోజు పడటంతో ఈ రంగం దశ తిరిగింది. ఆ కార్ల తక్కువ ధర ఒక్కటే దానికి కారణం కాదు. చాలా హోండా ఇంజన్లు గాలిని గొట్టంలో కొలవవు. మ్యానిఫోల్డ్‌లోని పీడనాన్ని, గాలి ఉష్ణోగ్రతను చూసి లెక్క కడతాయి. అందుకే బయటి గొట్టం మార్చినా ఇంజన్ పెద్దగా తడబడదు. 1987లో మొదలైన ఏఈఎం సంస్థ ఈ కార్ల ఇన్‌టేక్‌లతోనే పేరు తెచ్చుకుంది. ఫిల్టర్‌ను బానెట్ కిందే ఉంచే పొట్టి గొట్టానికి ‘షార్ట్ రామ్’ అని పేరు. అది వేడిగాలే పీలుస్తుంది. అసలైన చల్లని చోటు బంపర్ వెనక, ఫెండర్ అడుగున ఉంది.

నీళ్లు చేరేదీ అక్కడికే. నిలిచిన నీటిలో ఫిల్టర్ మునిగితే ఇంజన్ నీళ్లను తాగేస్తుంది. నీరు నొక్కుకుపోదు కాబట్టి కనెక్టింగ్ రాడ్లే వంగిపోతాయి. దీన్నే హైడ్రోలాక్ అంటారు. ఏఈఎం ఇందుకు బైపాస్ వాల్వ్ తెచ్చింది. కింద ఫిల్టర్ మునిగి గొట్టంలో పీల్పు పెరగగానే, పైభాగంలోని ఈ వాల్వ్ తెరుచుకుని బానెట్ కింది గాలిని లోపలికి వదులుతుంది. ఈ రంగంలో వచ్చిన అన్ని ఆలోచనల్లోకీ ఇదే మెచ్చుకోదగ్గది. గంట వానకే మోకాలి లోతు నీళ్లు నిలిచే హైదరాబాద్ రోడ్ల మీద అది కూడా లేకుండా కింది ఫిల్టర్ బిగించుకోవడం ఇంజన్ మీదికి తెచ్చుకోవడమే.

గాలిని గొట్టంలోనే వేడి తీగతో కొలిచే ‘మాస్ ఎయిర్‌ఫ్లో’ సెన్సార్ ఉన్న కార్లలో చిక్కు వేరు. తీగ ఒక్కచోట తగిలే గాలిని బట్టి మొత్తం గాలిని అంచనా కడుతుంది. 70 మిల్లీమీటర్ల గొట్టం బదులు 73.5 మిల్లీమీటర్లది వేస్తే వైశాల్యం 10 శాతం పెరిగి, తీగ దగ్గర గాలి వేగం ఇంచుమించు అంత మేర తగ్గుతుంది. గాలి తక్కువ వస్తోందనుకుని ఈసీయూ పెట్రోలు తగ్గిస్తుంది. పక్కనే వంపు ఉంటే గాలి సుడి తిరిగి లెక్క ఇంకా తప్పుతుంది. అందువల్ల తయారీదారులు సెన్సార్ దగ్గర కంపెనీ వ్యాసాన్నే ఉంచడం, గాలిని తిన్నగా మార్చే జాలీలు పెట్టడం నేర్చుకున్నారు. ఒక్కో కారుకూ నమూనా గొట్టం బిగించి, బలాన్ని కొలిచే యంత్రమైన డైనో మీద నడిపి, గాలి-పెట్రోలు మిశ్రమాన్ని చూసి, మళ్లీ కోసి అతికించాలి. డైనో పరీక్షలో బానెట్ ఎత్తి, ఎదురుగా ఫ్యాన్ పెడితే వచ్చే అంకెలు రోడ్డు మీద రావు. అలాంటి హార్స్‌పవర్ ప్రకటనలను నమ్మకూడదు.

కాలిఫోర్నియాలో వాహన చట్టం 27156వ సెక్షన్ కాలుష్య నియంత్రణను దెబ్బతీసే మార్పులను నిషేధిస్తుంది. అక్కడి ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఒక కిట్ వల్ల పొగ పెరగదని తేల్చుకున్నాకే మినహాయింపు ఉత్తర్వు ఇస్తుంది. ఆ నంబరున్న స్టిక్కర్‌ను కిట్‌తో పాటు ఇస్తారు. బానెట్ కింద అతికిస్తే పొగ పరీక్షలో అదే సాక్ష్యం.

ఇప్పటి కార్లలో చాలావాటికి కంపెనీ గొట్టమే గ్రిల్ పైనుంచి చల్లగాలి తెస్తోంది. టర్బో కార్లలో గాలిని చల్లబరచే పని ఎక్కువగా ఇంటర్‌కూలర్‌దే. అందుకే వాటికి తయారయ్యే ఇన్‌టేక్‌లలో టర్బో ముందు గాలికి అడ్డు తగ్గించడం మీదే దృష్టి పెడుతున్నారు.