తండ్రి తొట్టి, కొడుకు మట్టి

నరసరావుపేటలో గోల్డుఫిష్ కొని, ఆక్సిజన్ పట్టిన ప్లాస్టిక్ సంచిని బండి హ్యాండిల్‌కి తగిలించుకునేలోపు ఎవరో ఒకరు అడుగుతారు: "మీకు వచ్చేది బోరు నీళ్లా, కాలవ నీళ్లా?" పెళ్లిచూపుల్లో గోత్రం అడిగినట్టుంటుంది గానీ ప్రశ్న సరైనదే. జవాబును బట్టి ఆ చేప బతుకు సగం తేలిపోతుంది.

పల్నాట్లో బోరునీళ్లంటే కరిగిన రాయి. శ్రీనాథుడిదని చెప్పుకునే చాటువొకటి ఇక్కడి రాళ్లనూ నాగులేటి నీళ్లనూ ఒకే వరసలో పెట్టి దెప్పుతుంది. దెప్పితే దెప్పాడు గానీ ఆ రెంటినీ కలపడంలో కవి పొరపాటు పడలేదు. పిడుగురాళ్ల బట్టీల్లో కాలే సున్నపురాయి, సిమెంటు ఫ్యాక్టరీల్లో పొడయ్యే సున్నపురాయి, మన ఇళ్లలో పరిచిన నాపరాయి అన్నీ ఒకే కుదురు. నాపరాయిని గీకి ఆ పొడి మీద నిమ్మరసం పిండితే బుసబుసా నురగ వస్తుంది. వాననీరు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని నేలలోకి దిగుతూ చేసేదీ ఇదే పని, కాకపోతే నిదానంగా. ఆ సున్నమే నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది, చేపల తొట్టి అద్దం మీద చారలా పేరుకుంటుంది. 1967 ఆగస్టులో సాగర్ కాలవలకి నీళ్లు వదిలాక కృష్ణ నీళ్లు కుడికాలవ వెంట ఈ ఊళ్ల మధ్యకి వచ్చాయి. బోరా, కాలవా అన్న ప్రశ్న అలా పుట్టింది.

ఇక తొట్టి సంగతి. చైనావాళ్లు వెయ్యేళ్ల కిందటే గోల్డుఫిష్‌ని పెంచారు, కానీ కొలనుల్లో, కుండల్లో. నీళ్లు మార్చకుండా చేపని బతికించడం కుదురుతుందా అని పట్టుబట్టి చూసినవాళ్లలో ముఖ్యుడు రాబర్ట్ వారింగ్టన్ అనే లండన్ కెమిస్టు. 1849లో ఆయన దాదాపు 55 లీటర్ల తొట్టిలో రెండు చిన్న గోల్డుఫిష్‌లనీ, రిబ్బన్లలాంటి ఆకులుండే వాలిస్నేరియా మొక్కనీ పెట్టాడు. చేప వదిలిన బొగ్గుపులుసు వాయువు మొక్కకి, మొక్క వదిలిన ప్రాణవాయువు చేపకి. లెక్క బాగానే ఉంది గానీ ఆకులు కుళ్లి నీళ్లు చెడ్డాయి. అప్పుడు చెరువు నత్తల్ని వేశాడు. అవి కుళ్లిన ఆకుల్ని తినేశాయి, నీళ్లు తేటపడ్డాయి. 1850లో ఈ సంగతంతా కెమికల్ సొసైటీకి రాసి పంపాడు. 1845లోనే బ్రిటన్‌లో గాజు మీద పన్ను తీసేసి ఉండటం కలిసొచ్చింది. 1853కి లండన్ జూలో చేపలకో ఇల్లు కట్టారు, 1854లో గాస్ అనే రచయిత పుస్తకంతో అక్వేరియం అన్న పేరు జనం నోళ్లలో పడింది. పల్నాడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లోనే, 1909లో, మద్రాసు మెరీనా ఒడ్డున అక్వేరియం తెరిచారు.

అయితే వారింగ్టన్ లెక్కలోకి రాని జీవి ఒకటుంది. చేప తిన్న తిండి చివరికి అమోనియాగా మొప్పల్లోంచి బయటికొస్తుంది. అది చేపకే విషం. మరి ఆ తొట్టిలో చేపలు ఎలా బతికాయి?

1877లో ఫ్రాన్సులో శ్లోసింగ్, మ్యూంట్జ్ అనే ఇద్దరు ఇసుక నింపిన గొట్టం గుండా మురుగునీటిని మెల్లగా పంపారు. దాదాపు ఇరవై రోజులు ఏ మార్పూ లేదు. ఆ తర్వాత అమోనియా తగ్గి నైట్రేటు కనిపించింది. క్లోరోఫాం ఆవిరి పట్టిస్తే ఆ పని ఆగిపోయింది. క్లోరోఫాం తీసేసి తోటమట్టి కలిపిన నీళ్లు కాసిని పోస్తే మళ్లీ మొదలైంది. అంటే ఇసుకలో పనిచేస్తున్నది ప్రాణమున్నదే. ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ వ్యవసాయ క్షేత్రంలో ఇదే సంగతిని పొలం మట్టిలో వెతికి, అమోనియా ముందు నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా రెండు అంచెల్లో మారుతుందనీ, ఒక్కో అంచెకి ఒక్కో రకం సూక్ష్మజీవి ఉందనీ చూపినవాడి పేరు కూడా రాబర్ట్ వారింగ్టనే. మన తొట్టి వారింగ్టన్ కొడుకు! తండ్రి తొట్టిలో తేలని చిక్కు కొడుకు మట్టిలో విడింది. ఆ జీవుల్ని వేరుచేసి పెంచడం మాత్రం 1890లో వినోగ్రాడ్‌స్కీ అనే శాస్త్రవేత్త వల్ల అయింది.

పల్నాటి బోరునీళ్లు ఈ సూక్ష్మజీవులకి బాగా నచ్చుతాయి. ఒక గ్రాము అమోనియా నత్రజనిని మార్చడానికి ఏడు గ్రాముల సున్నపురాయికి సమానమైన క్షారం ఖర్చవుతుంది, మన నీళ్లలో అదేం తక్కువ కాదు. గప్పీలు, మాలీలు ఈ నీళ్లలో హాయిగా పిల్లలు పెడతాయి. నియాన్ టెట్రాలు మాత్రం అమెజాన్ అడవుల మెత్తటి నీళ్లకి అలవాటు పడ్డవి, వాటి జోలికి పోకపోవడమే మేలు. ఇంకో చిక్కు కూడా ఉంది. పీహెచ్ 7 దగ్గర అమోనియాలో విషరూపంలో ఉండేది నూటికి ఒక వంతు కూడా కాదు. పీహెచ్ 8 అయి నీళ్లు 30 డిగ్రీలకి వేడెక్కితే అది ఏడు వంతులు దాటుతుంది. రెంటచింతల ఎండల్లో మిద్దె మీది ట్యాంకు నీళ్లు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. పైగా వేడినీళ్లలో ప్రాణవాయువూ తక్కువే. అందుకే మే నెలలో తిండి సగానికి తగ్గించాలి.

నా తెలివితక్కువతనం కూడా చెప్తాను. బోరునీళ్లు చేపలకేం మంచివని మూడు ఆర్వో క్యాన్లు కొనుక్కొచ్చి కొత్త తొట్టి నింపాను. పదో రోజుకి మాలీలు ఈదడం మానేసి ఉన్నచోటే అటూఇటూ ఊగుతున్నాయి, చలిజ్వరం వచ్చినట్టు. ఉప్పులన్నీ తీసేసిన నీళ్లలో వాటి ఒళ్లు నిలదొక్కుకోలేకపోయింది, ఫిల్టరులో సూక్ష్మజీవులూ సరిగా పుట్టలేదు. మనకి మంచినీళ్లు మాలీకి మంచినీళ్లు కావు.

కొత్త తొట్టి కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తెలిసినవాళ్ల పాత తొట్టి ఫిల్టరులోంచి చిన్న స్పాంజి ముక్క అడిగి తెచ్చి వేసుకుంటే అంతకాలం ఆగక్కర్లేదు. ఫ్రెంచివాళ్లు తోటమట్టి నీళ్లు పోసినట్టే ఇదీను. కుళాయి నీళ్లని ఒక రాత్రి బకెట్లో ఉంచి క్లోరిన్ పోయాకే వాడండి. స్పాంజి మురికిపట్టిందని కుళాయి కింద మాత్రం కడగొద్దు, తొట్టిలోంచి తోడిన నీళ్లలోనే పిండండి.